మంచినీటి ఒడ్డున సముద్రపు పగడము

తెలుగువారి యిండ్లలో పగడము పరిచితమైన వస్తువు. నవరత్నములలో అది యొకటి. మంగళసూత్రములతో పాటు ముత్యమును, పగడమును గ్రుచ్చి ధరించుట పెక్కు కుటుంబములలో ఆచారము. రత్నములతో పాటు లెక్కింపబడుచున్నను పగడము భూమిని త్రవ్వి తీసిన రాయి కాదు. సముద్రములో నివసించు చిన్న జీవులు నిర్మించుకొనిన కట్టడమది. కావుననే పగడమనగానే సముద్రము స్ఫురించును. అట్టి పగడములు సముద్రమునకు వందలాది మైళ్ళ దూరమున, ఉప్పు జాడ లేని మంచినీటి సరస్సు ఒడ్డున, గులకరాళ్ళ నడుమ దొరకుచున్నవన్నచో వినువారికి వింతగా నుండును. ఉత్తర అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రమున ఈ వింతను నేటికిని చూడవచ్చును. అచ్చటివారు వానిని పెటోస్కీ రాళ్ళందురు. పసిపిల్లలు మొదలు ముదుసళ్ళ వరకు ఎందరో ఒడ్డు వెంట తల వంచుకొని నడచుచు వానిని వెదకుదురు. దొరకిన దానిని ఇంటికి తెచ్చి, ఓపికతో అరగదీసి, మెరుగు పెట్టి దాచుకొందురు.

ఉత్తర అమెరికా ఖండము నడుమ సుపీరియర్, మిచిగాన్, హ్యూరన్, ఈరీ, అంటారియో అను ఐదు మహాసరస్సులు కలవు. ఒడ్డున నిలిచి చూచువానికి ఆవలి దరి కానరాదు. అలలు సముద్రపు అలల వలెనే విరుచుకొని పడును. కాని దోసిట పట్టి నోట వేసికొన్నచో ఆ నీరు తియ్యగా నుండును. మిచిగాన్ రాష్ట్రము రెండు ద్వీపకల్పములుగా నున్నది. వానిలో దక్షిణపు భాగము బొటనవ్రేలు విడిగా నున్న చేతితొడుగును పోలియుండును. అందుచేత అచ్చటివారు తమ ఊరెక్కడ అని యడిగినవారికి అరచేయి చాపి, అందొక చోటును వ్రేలితో చూపుదురు. ఆ చేతితొడుగునకు వ్రేళ్ళ కొనలుండవలసిన తావున, పడమటి వైపున, మిచిగాన్ సరస్సు లోనికి చొచ్చుకొనివచ్చి ఒక చిన్న అఖాతమైనది. దాని పేరు లిటిల్ ట్రావర్స్. ఆ అఖాతము ఒడ్డున నున్న పట్టణమే పెటోస్కీ. ఈ పట్టణ పరిసరములందును, దానికి సమీపమున నున్న షార్ల్‌వాయ్ ప్రాంతమునందును ఈ రాళ్ళు విరివిగా దొరకును. రాష్ట్రమునకు తూర్పున హ్యూరన్ సరస్సు ఒడ్డున నున్న ఆల్పీనా పట్టణ ప్రాంతమునను ఇవి కలవు.

ఈ రాయిని తెలిసికొనవలెనన్న మొదట దానిని కట్టిన జీవిని తెలిసికొనవలెను. పగడపు జీవి మెత్తనిది. దాని శరీరము చిన్న సంచి వలె నుండును. సంచి పైభాగమున నోరు, నోటి చుట్టును సన్నని స్పర్శకములు ఉండును. ఆ స్పర్శకములను నీటిలో చాచి, దగ్గరకు వచ్చిన సూక్ష్మప్రాణులను పట్టి తినుట దాని వృత్తి. ఎముకలు లేని యీ జీవి సముద్రపు నీటిలో కరగియున్న సున్నమును గ్రహించి, తన చుట్టును గిన్నె వంటి గట్టి గూడు కట్టుకొనును. ఒక జీవి ప్రక్కన మరియొకటి, దాని ప్రక్కన వేరొకటి మొలచి, కొంత కాలమునకు వందలాది గూళ్ళు ఒకదానినొకటి ఒత్తుకొనుచు ఒక ముద్దగా పెరుగును. గుండ్రని వస్తువులు నలువైపుల నుండి సమముగా ఒత్తుకొన్నప్పుడు ఆరు పలకలుగా నేర్పడుట తేనెపట్టులో చూడవచ్చును. ఈ పగడపు గూళ్ళును అట్లే షడ్భుజాకారమును దాల్చినవి. శాస్త్రజ్ఞులు ఈ జాతికి హెక్సగొనేరియా అని పేరు పెట్టుటకు కారణమిదియే. ఆ పదము ఆరు కోణములను సూచించును.

మెరుగు పెట్టిన పెటోస్కీ రాయిని చూచినచో ఆ గూళ్ళన్నియు స్పష్టముగా కానవచ్చును. ఆరు పలకల గడి యొక్కొక్కటియు ఒక్కొక్క జీవి నివసించిన గది. గడి నడుమ నల్లని మచ్చ ఆ జీవి నోరును, కడుపును ఉండిన తావు. అది చనిపోయిన పిదప మెత్తని బురద చేరి నల్లబడినది. మచ్చ నుండి అంచుల వరకు సూర్యకిరణముల వలె వ్యాపించిన సన్నని గీతలు గూటిలోని నిలువు పలకలు. గడిని గడి నుండి వేరు చేయు గీత ఇరుగుపొరుగు జీవుల నడుమ గోడ. చూచువారికి అది యెవరో కూర్చుండి గీసిన చిత్రము వలె తోచును. కాని అందు మానవుని చేతిపని లేశమును లేదు. మానవుడు చేసినదెల్లయు ఉపరితలమును నునుపు చేయుటయే.

ఈ పగడములు జీవించిన కాలమును భూగర్భ శాస్త్రజ్ఞులు డెవోనియను యుగమందురు. అది సుమారు 41.9 కోట్ల యేండ్ల క్రిందట మొదలై, 35.9 కోట్ల యేండ్ల క్రిందట ముగిసినది. పెటోస్కీ పగడములు ఆ యుగపు నడిమి భాగమునకు చెందినవి. అనగా వాని వయస్సు ఇంచుమించు 38 కోట్ల యేండ్లు. నాడు భూమిపై పక్షులు లేవు, పూవులు లేవు, రాక్షసబల్లులును ఇంకను పుట్టలేదు. నేలపై తొలి యడవులు అప్పుడప్పుడే మొలకెత్తుచుండెను. సముద్రములలో మాత్రము చేపలు విస్తారముగా నుండెను. ఖండములు నేడున్న చోట్ల నుండలేదు. నేడు శీతకాలమున మంచు గడ్డకట్టు మిచిగాన్ నాడు ఉష్ణమండలమున, వెచ్చని నిస్సారపు సముద్రము క్రింద నుండెను. లోతు తక్కువై, వెలుతురు సోకు ఆ నీటి అడుగున పగడములు వనము వలె పెరిగినవి. పెటోస్కీ పగడములు రుగోసా అను తెగకు చెందినవి. సుమారు 25.2 కోట్ల యేండ్ల క్రిందట భూమిపై ప్రాణికోటిలో అధిక భాగమును నశింపజేసిన మహావినాశమున ఆ తెగ యావత్తును అంతరించినది. నేటి సముద్రములలోని పగడములు వేరొక తెగవి. కావున పెటోస్కీ పగడమును సజీవముగా చూచిన మానవుడు లేడు. ఇక ముందు చూడబోవువాడును లేడు.

జీవి గూడు రాయి యెట్లయ్యెను? పగడములు చనిపోయిన పిమ్మట సున్నపు బురద వానిని కప్పినది. దానిపై మరియొక పొర, ఆపై వేరొక పొర పేరుకొనగా, అడుగున నున్నవి పై బరువునకు అదిమివేయబడినవి. నీటిలో కరగియున్న సున్నము గూళ్ళలోని సందులలోనికి చొచ్చి, గట్టిపడి, గూటిని రాతితో నింపినది. ఇట్లు ఆకారము చెడక రాయిగా నిలిచిన ప్రాచీన జీవి యవశేషమును శిలాజమందురు. భారతీయులకు శిలాజము క్రొత్తది కాదు. నేపాళములోని గండకీ నదిలో దొరకి, పూజామందిరములలో అర్చింపబడు శాలగ్రామము శిలాజమే. అమ్మోనైట్ అను సముద్రజీవి యొక్క చుట్టలు చుట్టిన గుల్ల ముద్ర అందు కానవచ్చును. ఒకప్పుడు సముద్రపు అడుగున నుండిన నేల పైకి లేచి హిమాలయమైనదనుటకు అది సాక్ష్యము. మిచిగాన్ ఒడ్డున దొరకు పగడమును అట్టి సాక్ష్యమే. ఒకచో సముద్రము పర్వతమైనది. మరియొకచో సముద్రము పోయి, దాని స్థానమున మంచినీటి సరస్సు వచ్చినది.

అయినను నేల లోపలి సున్నపురాతి పొర నుండి పగడము ఒడ్డునకు వచ్చుటకు మరియొక శక్తి కావలసివచ్చెను. ఆ శక్తి మంచు. గడచిన ఇరువది లక్షల యేండ్లకు పైబడిన కాలమున ఉత్తర ధ్రువపు దిక్కు నుండి మహత్తరమైన మంచుపలకలు పలుమారులు దక్షిణమునకు వ్యాపించినవి. వాని మందము మైలు వరకు నుండినది. అంతటి బరువుతో జరుగుచు అవి సున్నపురాతి పొరలను పెళ్ళగించి, ముక్కలను తమతో ఈడ్చుకొనిపోయి, ఒకదానితో నొకటి రాపాడించి, దూరదూరములకు వెదజల్లినవి. మహాసరస్సుల పల్లములను దొలిచినదియు ఆ మంచే. సుమారు పదివేల యేండ్ల క్రిందట మంచు కరగి వెనుదీయగా, ఆ పల్లములు నీటితో నిండి సరస్సులైనవి. నాటి నుండి నేటి వరకు అలలు ఆ ముక్కలను ఒడ్డున దొర్లించి, అంచులను అరగదీసి, కోడిగ్రుడ్డు వలె నునుపు చేయుచున్నవి. ఏటేట శీతకాలమున ఒడ్డున పేరుకొను మంచు రాళ్ళను కదల్చును. వసంతమున అది కరగిపోగానే అంతవరకు అడుగున దాగియుండిన రాళ్ళు కొన్ని పైకి వచ్చును. అందుచేత వసంతారంభమును, పెద్ద గాలివాన వెలిసిన మరునాడును వెదకువారికి అనుకూలమైన సమయములు.

ఈ పగడములు ఒక వింత లెక్కను కూడ తమలో దాచుకొన్నవి. పగడపు జీవి పగలొక విధముగను, రాత్రి యొక విధముగను సున్నమును చేర్చుకొనును. కావున కొన్ని జాతుల గూళ్ళ వెలుపలి గోడపై దినమునకొక సన్నని గీత ఏర్పడును. ఋతువులు మారుటచేత సంవత్సరమునకొక పెద్ద పట్టీ ఏర్పడును. 1963లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ వెల్స్ అను శాస్త్రజ్ఞుడు డెవోనియను యుగపు కొన్ని పగడములను తీసికొని, ఒక్కొక్క పట్టీలో ఎన్ని గీతలున్నవో లెక్కించి ప్రకటించెను. అవి 365 కాదు, ఇంచుమించు 400. అనగా నాడు సంవత్సరమునకు 400 దినములు! భూమి సూర్యుని చుట్టివచ్చు కాలము మారలేదు. మరి దినములేల పెరిగినవి? నేటి సంవత్సరములో 365ను 24తో గుణించిన 8,760 గంటలున్నవి. దానిని 400తో భాగించినచో దినమునకు 22 గంటల కంటె కొంచెము తక్కువ వచ్చును. అనగా నాడు భూమి తన చుట్టు తాను నేటికంటె వేగముగా తిరుగుచుండెను. చంద్రుని ఆకర్షణచేత సముద్రములలో ఆటుపోటులు కలుగును. ఆ నీటి రాపిడి భూమి భ్రమణమును మిక్కిలి మెల్లగా మందగింపజేయుచున్నదని ఖగోళ శాస్త్రజ్ఞులు అంతకు ముందే గణించియుండిరి. ఆకాశమును చూచి వారు వేసిన లెక్కకు సముద్రపు అడుగున నుండిన జీవి గూడు సాక్ష్యము పలికినది.

పెటోస్కీ అను పేరును సామాన్యమైనది కాదు. ఐరోపా వారు రాకపూర్వము నుండియు ఆ ప్రాంతమున ఒడావా అను ఆదివాసి జాతి నివసించుచుండెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆ జాతివారిలో పెటోసెగా అను నాయకుడుండెను. ఉదయసూర్యుని కిరణములని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. ఆయన జన్మించినప్పుడు తొలి వెలుగు శిశువు ముఖముపై పడుటచేత తండ్రి ఆ పేరు పెట్టెనని కథ యొకటి వాడుకలో నున్నది. ఆయన పేరే ఉచ్చారణ భేదముచేత పెటోస్కీయై పట్టణమునకు చెల్లినది; పట్టణము పేరు రాతికి చెల్లినది. 1836లో జరిగిన ఒడంబడిక ద్వారా ఒడావా జాతివారును, వారి సోదర జాతియగు ఓజిబ్వేలును విశాలమైన తమ భూభాగమును అమెరికా ప్రభుత్వమునకు వదలుకొనవలసివచ్చెను. భూమి చేతులు మారినను వారు ఆ ప్రాంతమును పూర్తిగా విడిచిపోలేదు. లిటిల్ ట్రావర్స్ అఖాతపు ఒడావా సంఘమును 1994లో అమెరికా ప్రభుత్వము మరల గుర్తించినది. 1965లో మిచిగాన్ ప్రభుత్వము పెటోస్కీ రాయిని రాష్ట్ర శిలగా ప్రకటించెను. గవర్నరు జార్జి రామ్నీ ఆ శాసనముపై సంతకము చేసినప్పుడు నాయకుడు పెటోసెగా మనుమరాలు ఆ సభలో నుండెను. నల్లని మచ్చ చుట్టును కిరణముల వలె గీతలు వ్యాపించిన రాతికి, ఉదయకిరణములను పేరుగా గల మనుష్యుని పేరు లభించుట చక్కని సంగతి.

ఈ రాయిని వెదకుటలో ఒక మెలకువ కలదు. ఎండిన పెటోస్కీ రాయి బూడిద రంగు సున్నపురాయి వలెనే యుండును. తక్కిన గులకరాళ్ళకును, దానికిని భేదము తెలియదు. తడిసినప్పుడు మాత్రము గడులు, మచ్చలు, గీతలు ఒక్కసారిగా తేలివచ్చును. ఎండిన రాతి గరుకు ముఖముపై వెలుగు పలువైపుల చెదరిపోవుటచేత లోపలి రంగుల భేదము కంటికి ఆనదు. నీటి పొర ఆ గరుకును పూడ్చుటచేత భేదము స్పష్టమగును. అందుచేత అనుభవము గలవారు పొడి యిసుకపై గాక, అల వచ్చి తాకు అంచు వెంట, చీలమండల లోతు నీటిలో నడచుదురు. కొందరు చిన్న నీటిసీసాను వెంట నుంచుకొని, అనుమానము కలిగిన రాతిపై చుక్కలు చల్లి చూతురు. క్రొత్తవారు తరచుగా పొరపడు రాయి యొకటి కలదు. దానిని అచ్చట షార్ల్‌వాయ్ రాయి యందురు. అదియు పగడపు శిలాజమే. కాని దాని గడులు మిక్కిలి చిన్నవి, నడుమ కిరణముల వంటి గీతలుండవు. ఒడ్డున సముద్రపు లిల్లీలను జీవుల కాడల ముక్కలు, రెండు చిప్పల జీవుల ముద్రలు కూడ దొరకును. చూడ నేర్చినవానికి ఆ గులకరాళ్ళ కుప్ప యంతయు ఒక ప్రాచీన సముద్రపు గ్రామము.

దొరకిన రాతికి మెరుగు పెట్టుటకు యంత్రములు అక్కరలేదు. ఖనిజముల కాఠిన్యమును కొలుచుటకు ఫ్రీడ్రిక్ మోస్ అను శాస్త్రజ్ఞుడు ఒకటి నుండి పది వరకు ఒక క్రమమును ఏర్పరచెను. అందు వజ్రము 10. పెటోస్కీ రాతిలోని కాల్సైట్ అను సున్నపు ఖనిజము 3 మాత్రమే. చేతిగోరు కాఠిన్యము ఇంచుమించు రెండున్నర. కావున ఈ రాయి గోటికి లొంగదు గాని, కత్తిమొనకు సులభముగా లొంగును. సుపీరియర్ సరస్సు ఒడ్డున దొరకు అగేట్ రాళ్ళ కాఠిన్యము ఇంచుమించు 7. వానిని గిరగిర తిరుగు డోలులో పొడులతో పాటు వారముల తరబడి దొర్లించి మెరుగు పెట్టుదురు. పెటోస్కీ రాయిని అట్టి డోలులో వేసినచో అవసరమునకు మించి అరగి, చెడిపోవును. దానికి చేతిపనియే తగినది.

మొదట పగుళ్ళు లేని రాయిని ఎంచుకొని శుభ్రముగా కడుగుదురు. పిదప వడ్రంగులు కొయ్యకు వాడు ఉప్పుకాగితము వంటిదే, నీటిలో తడిపినను చినగనిది తీసికొని అరగదీయుదురు. ఈ కాగితములకు అంకెలుండును. అంకె పెరిగిన కొలది కాగితము నునుపుగా నుండును. తొలుత 220 అంకె గల కాగితముతో రాతిపై నున్న గుంటలు, పెద్ద గీతలు పోవువరకు రుద్దుదురు. తరువాత 400 అంకె కాగితముతో, ఆ పిమ్మట 600 అంకె కాగితముతో రుద్దుదురు. ఒక్కొక్క కాగితము తన ముందు కాగితము చేసిన గీతలను మాపి, తాను అంతకంటె సన్నని గీతలను చేయును. కాగితము మార్చునప్పుడెల్ల రాతిని కడిగి, ఆరబెట్టి, వెలుతురులో చూడవలెను. పాత గీత యొక్కటి మిగిలినను తరువాతి నునుపు కాగితము దానిని తొలగింపలేదు. మరల వెనుకకు పోవలసినదే. తొందరపడువారు చెడగొట్టుకొనునది ఇచ్చటనే. రాతిని, కాగితమును ఎల్లప్పుడు తడిగా నుంచవలెను. తడి చేత కాగితము పూడిపోకుండును. రాతిపొడి గాలిలో లేచి ఊపిరితిత్తులలో చేరకుండును. చివర మఖమలు గుడ్డను తడిపి, దానిపై మెరుగుపొడి చల్లి, చాలసేపు రుద్దగా రాయి అద్దము వలె మెరయును. అప్పుడు నీరు లేకున్నను గడులు స్పష్టముగా కానవచ్చును. అనగా మెరుగు పెట్టుటయన్నది, నీరు క్షణకాలము చూపినదానిని ఎన్నటికిని నిలుచునట్లు చేయుటయే.

ఇట్లు మెరుగు పెట్టిన రాతికి పులుపు శత్రువు. నిమ్మరసము గాని, వెనిగరు గాని పడినచో సున్నము నురుగు గట్టి కరగి, మెరుగు మాసిపోవును. తాండూరు బండలు, బేతంచెర్ల బండలు పరచిన తెలుగు యిండ్లలోని గృహిణులకు ఈ సంగతి తెలియును. అవియు సున్నపురాళ్ళే, వంటయింటి నేలపై నిమ్మరసము ఒలికినచో అచ్చట తెల్లని మచ్చ పడును. ఆ బండలు పెటోస్కీ రాళ్ళకంటె ఎంతో ప్రాచీనములు. అవి ఏర్పడునాటికి పగడములింకను పుట్టనే లేదు. కావున వానిలో పగడపు గడులకై వెదకుట వ్యర్థము.

ఇంత సుందరమైన రాయి ఒడ్డున ఊరక దొరకుచుండగా ఎవరికెంత కావలెనన్న అంత తీసికొనిపోవచ్చునా? పోరాదు. మిచిగాన్ రాష్ట్ర ప్రభుత్వపు అధీనములో నున్న భూములనుండియు, మహాసరస్సుల అడుగునుండియు ఒక మనుష్యుడు ఒక సంవత్సరములో 25 పౌనులకు, అనగా ఇంచుమించు 11 కిలోగ్రాములకు మించి రాళ్ళను తీసికొనరాదని నిబంధన కలదు. అమెరికా జాతీయోద్యాన శాఖ పాలనలో నున్న స్లీపింగ్ బేర్ డ్యూన్స్ తీరమున ఒక్క రాయినైనను తీసికొనిపోరాదు. 2015లో ఒకరు మిచిగాన్ సరస్సులో నార్త్‌పోర్టు గ్రామ సమీపమున 93 పౌనుల పెటోస్కీ రాయిని చూచి, పైకి తీసి, ఇంటికి చేర్చుకొనిరి. దాని బరువు ఇంచుమించు 42 కిలోగ్రాములు. ఆ సంగతి పత్రికలలో వెలువడగా రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ అధికారులు వచ్చి రాతిని స్వాధీనము చేసికొనిరి. పిదప అది డెట్రాయిట్ నగరమున ఆ శాఖవారి ప్రదర్శనశాలకు చేర్చబడినది.

కష్టపడి కనుగొనినవానికి ఆ రాతిపై హక్కు లేదా యని కొందరడుగవచ్చును. అతడు చూడకున్నచో అది నీటి యడుగుననే పడియుండెడిది గదా! ఈ ప్రశ్నలో కొంత న్యాయము లేకపోలేదు. కాని రెండవ వైపును చూడవలెను. చెట్టు పండ్లు కోసినచో మరుసటి యేడు మరల కాయును. పెటోస్కీ పగడము అట్టిది కాదు. దానిని కట్టిన జీవి తెగయే లేదు. అలలును, మంచును ఏటేట క్రొత్త రాళ్ళను బయటపెట్టుచున్నవే గాని, ఒక్క క్రొత్త రాతినైనను పుట్టించుట లేదు. ఏటేట వచ్చు యాత్రికులలో ఒక్కొక్కడును మోయగలిగినంత మోసికొనిపోయినచో, తరువాతి తరపు పిల్లలు ఒడ్డున నడచుటకు వచ్చునాటికి వారికి మిగులునది ఉత్త గులకరాళ్ళే. అందుచేత నిబంధన రాతిని తాకవద్దనుట లేదు, పంచుకొనుమనుచున్నది. 25 పౌనులనగా అరచేతిలో నిమిడెడి రాళ్ళు ఎన్నియో వచ్చును. ఆనందించుటకు అది చాలును. అమ్ముకొనుటకై కుప్పలు పోయుటకు చాలదు.

ఈ విషయము భారతదేశమునకును సంబంధము లేనిది కాదు. అరేబియా సముద్రములోని లక్షద్వీపములు పగడములు కట్టిన ద్వీపములే. అండమాను దీవుల చుట్టును, మన్నారు సింధుశాఖయందును, కచ్ సింధుశాఖయందును సజీవములైన పగడములు నేటికిని గూళ్ళు కట్టుచున్నవి. సముద్రపు నీరు మితిమించి వేడెక్కినప్పుడు అవి తమలో నివసించు సూక్ష్మమైన నాచును కోల్పోయి తెల్లబడును. వేడి చాలకాలము తగ్గకున్నచో చనిపోవును. 2023 మొదలుకొని ప్రపంచమున నలుదిక్కుల సముద్రములలో ఇట్టి తెలుపుదనము కానవచ్చినదని 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దిబ్బలు కట్టు పగడములను 2001లో భారత ప్రభుత్వము వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి తెచ్చినది. పులిని చంపుట యెట్టి నేరమో, సముద్రము నుండి వానిని పెళ్ళగించుటయు అట్టి నేరమే. మిచిగాన్ ఒడ్డున చనిపోయిన పగడమును మితముగా ఏరుకొనవచ్చును. భారత సముద్రములలో బ్రతికియున్న పగడమును తాకనేరాదు. మొదటిది గడచిపోయిన సముద్రపు జ్ఞాపకము. రెండవది నేటి సముద్రపు ప్రాణము.

పెటోస్కీ రాతికి బజారులో వజ్రము వలె వెల లేదు. చిన్న రాళ్ళు అంగళ్ళలో స్వల్పమైన వెలకే దొరకును. అయినను ఒడ్డున గంటల కొలది వంగి నడచి, ఒక్క రాయిని కనుగొని, నాలుగు దినములు రుద్ది మెరుగు పెట్టిన బాలుడు దానిని అమ్మనొల్లడు. ఆ నాలుగు దినములలో అతడు ఒక్కొక్క గడిని వ్రేలితో తడిమి, ఇది గోడ, ఇది నోరుండిన తావు అని గుర్తించియుండును. అట్టివానికి రెండవ రాయి కనబడినప్పుడు దానిని తిప్పి చూచి, గడులను ఆనందించి, తిరిగి నీటిలో విడుచుట కష్టము కాదు. ఆ రాయి అచ్చటనే ఉండును. అల వచ్చినప్పుడెల్ల దాని గడులు వెలుగును. అల మరలినప్పుడెల్ల మాసిపోవును. రేపు ఆ దారిన నడచి, తల వంచి చూడ నేర్చిన మరియొకరికి అది దొరకును.